ఇనిలక్టబుల్: ఎంత గింజుకున్నా వదలనిది

ఒంగోలు, నెల్లూరు హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు చదివే పిల్లల దగ్గర కష్టమైన ఇంగ్లిష్ మాటల జాబితా ఒకటి తప్పకుండా ఉంటుంది. అందులో 'ఇనిలక్టబుల్' పక్కన అర్థం 'ఇనెవిటబుల్' అని రాసి ఉంటుంది. దాని పక్కన పెన్సిల్‌తో 'అనివార్యమైన' అని ఎవరో రాసుకుంటారు. కాస్త కిందికి వస్తే 'ఇనెక్సరబుల్' ఉంటుంది, దానికీ అదే అర్థం. మూడు మాటలకీ ఒకటే జవాబు కాబట్టి పరీక్షలో గుర్తు పెట్టడం తేలిక. నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకోవడం వరకైతే ఆ జాబితా చాలు.

ఇంగ్లిష్‌లో ఒక పేరా సొంతంగా రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం అది చాలదు. ఈ మూడు మాటలూ 'తప్పదు' అనే చెబుతాయి గానీ ఎందుకు తప్పదో ఒక్కొక్కటి ఒక్కో రకంగా చెబుతుంది. వీటిలో తక్కువగా వాడేదీ, నా దృష్టిలో ఎక్కువ బరువున్నదీ ఇనిలక్టబుల్. మన జిల్లాల్లో జనం 'ఇది మా రాత' అని వదిలేసిన విషయాలను ఈ మాటతో ఒకసారి కొలిచి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. అందుకే ఈ వ్యాసం.

ముందు పలకడం సంగతి. ఇ-ని-లక్-ట-బుల్. ఒత్తు 'లక్' మీద పడాలి. అదృష్టం అనే అర్థంలో మనం వాడే 'లక్'కీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. నామవాచకం ఇనిలక్టబిలిటీ, క్రియావిశేషణం ఇనిలక్టబ్లీ. ఈ రెండోది కోర్టు తీర్పుల్లోనూ గంభీరమైన వ్యాసాల్లోనూ ఎక్కువగా ఎదురవుతుంది.

మాట లోపల ఉన్న కుస్తీ

లాటిన్‌లో 'లుక్టారి' అంటే కుస్తీ పట్టడం, పెనుగులాడటం. దానికి ముందు బయటికి అనే అర్థమిచ్చే ఉపసర్గ చేరితే 'ఎలుక్టారి', అంటే పెనుగులాడి బయటపడటం. దానికి లేమిని చెప్పే 'ఇన్' తగిలిస్తే ఇనిలక్టబుల్. ఎంత పెనుగులాడినా బయటపడలేనిది అన్నమాట. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే క్రియ మన నోట్లోనే ఉంది: గింజుకోవడం. పట్టులో చిక్కుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకుని, ఒళ్లంతా బలం పెట్టి విడిపించుకోబోవడమే గింజుకోవడం. అంత చేసినా వదలనిది ఇనిలక్టబుల్.

ఈ మాటకి మనకి బాగా తెలిసిన చుట్టం ఒకటుంది, రిలక్టెంట్. ఇష్టం లేకుండా, వెనకాడుతూ అనే అర్థంలో ఆఫీసుల్లో, స్కూళ్లలో రోజూ వింటాం. అదీ ఆ కుస్తీ ధాతువు నుంచి వచ్చిందే. ఇప్పుడు కాస్త మెత్తబడింది గానీ మొదట్లో దాని అర్థం ఎదురు తిరిగి పెనుగులాడటం. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఇనిలక్టబుల్ ఇక మర్చిపోవడం కష్టం.

రోమన్ కవి వర్జిల్ క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో తన మహాకావ్యంలో ఈ మాట వాడాడు. గ్రీకులు ముట్టడించిన ట్రాయ్ నగరం తగలబడుతున్న రాత్రి. దేవుడి విగ్రహాలు చేతబట్టుకుని, మనవడిని వెంటేసుకుని పరుగెత్తుకొస్తున్న పూజారి నోటి నుంచి వస్తుంది: మన చివరి రోజు వచ్చేసింది, ఇక గింజుకున్నా వదలని గడియ ఇది అని. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఆ మాట ఎప్పుడు వచ్చిందన్నది. ట్రాయ్ ప్రజలు పదేళ్లపాటు కోట తలుపులు మూసుకుని పోరాడారు. శత్రువు ఓడలు దిగిన మొదటి రోజున ఎవరైనా ఈ మాట అని ఉంటే అది పిరికితనం అయ్యేది. పదేళ్లూ పోరాడి, కోట గోడ లోపలే మంటలు లేచాక అన్నారు కాబట్టి దానికి ఆ బరువు వచ్చింది. పెనుగులాట జరిగిన తర్వాత పలికే మాట ఇది.

ఇంగ్లిష్‌లోకి ఇది 17వ శతాబ్దం తొలి రోజుల్లో వచ్చింది. సాహిత్యం చదివేవాళ్లకి దీన్ని బాగా గుర్తుండేలా చేసినవాడు ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్. 1922లో వచ్చిన ఆయన నవలలో సముద్రం ఒడ్డున నడుస్తున్న యువకుడు, కళ్లు తెరిచినంతసేపూ లోకం కనిపిస్తూనే ఉంటుంది, చూపు నుంచి విడిపించుకోలేం అని ఆలోచిస్తూ ఈ మాటను తలుచుకుంటాడు. దాన్నిబట్టి ఇది చావుకీ ఓటమికీ మాత్రమే పనికొచ్చే మాట అనుకోనక్కరలేదని తెలుస్తుంది. మనిషిగా పుట్టినందుకు మోయక తప్పనివన్నీ దీని కిందికి వస్తాయి.

తప్పుకోలేనిది, వదిలించుకోలేనిది, బతిమాలినా కరగనిది

ఇప్పుడు మూడు మాటలనీ ఎదురెదురుగా పెట్టుకుందాం. ఇనెవిటబుల్‌లో ఉన్న లాటిన్ ధాతువుకి పక్కకి తప్పుకోవడం, ఎదురుపడకుండా చూసుకోవడం అని అర్థం. కాబట్టి అది తప్పుకోలేనిది. ఇనెక్సరబుల్‌లో ఉన్నది వేడుకోవడం, ప్రార్థించి మనసు మార్చడం. కాబట్టి అది ఎంత బతిమాలినా కరగనిది. ఇనిలక్టబుల్ గింజుకున్నా వదలనిది.

తిరణాళ్లప్పుడు మన ఊళ్లలో ఆడే కబడ్డీని తలుచుకుంటే మూడూ ఒక్కసారిగా కళ్లకు కడతాయి. కూతకి వెళ్లినవాడు ముందు చేసేది పట్టు పడకుండా పక్కకి జారుకోవడం. అవతలి ఏడుగురూ చుట్టేసి ఏ పక్కకీ సందు లేకుండా చేస్తే, దొరకడం ఇనెవిటబుల్. దొరికాక మొదలవుతుంది గింజుకోవడం. చీలమండ మీద ఒకడు, నడుం మీద ఇంకొకడు పడ్డారు. గీత జానెడు దూరంలో ఉంది, కూత ఆగిపోతోంది, ఎంత గుంజినా వేలు గీతను తాకడం లేదు. ఆ పట్టు ఇనిలక్టబుల్. అవుట్ అని ఈల వేశాక రిఫరీ దగ్గరికెళ్లి ఎంత మొత్తుకున్నా ఆయన మాట మార్చడు. ఆయన ఇనెక్సరబుల్.

ఈ తేడా వల్లే వాడుకలో మూడూ మూడు దారులు పట్టాయి. ఇనెక్సరబుల్‌ని మనుషులకీ వాడొచ్చు, రాతిగుండె ఉన్న అధికారికి, అప్పులవాడికి. ఆగకుండా ముందుకు సాగే వాటికి కూడా బాగా నప్పుతుంది: కాలం, ముసలితనం, ఏటేటా కిందికి దిగిపోతున్న బోరు నీళ్లు. ఎవరి మొరా వినకుండా సాగిపోయే నడక అందులో ఉంది. ఇనిలక్టబుల్‌కి ఆ నడక లేదు, పట్టు ఉంది. అందుకే అది ఎక్కువగా విధి, తర్కం, నిజం, ముగింపు లాంటి మాటల పక్కన చేరుతుంది.

ఇనెవిటబుల్ వీటన్నిటికంటే తేలికైన మాట. చిన్న చిన్న సంగతులకి కూడా వాడొచ్చు. పెళ్లికి వెళ్తే 'ఎప్పుడొచ్చారు, భోంచేశారా' అనే ప్రశ్నలు ఇనెవిటబుల్. మీటింగ్ చివర గ్రూప్ ఫోటో ఇనెవిటబుల్. అక్కడ ఇనిలక్టబుల్ పెడితే వాక్యం నవ్వులపాలవుతుంది, ఎందుకంటే గ్రూప్ ఫోటోతో ఎవరూ కుస్తీ పట్టరు. బస్సు లేటు అవడం, కరెంటు పోవడం, ఆదివారం చేపల మార్కెట్లో రద్దీ, వీటికి కూడా ఈ మాట వద్దు. పెద్ద మాట కదా అని చిన్న విషయానికి తొడిగితే రాసినవాడికి మాట తెలియదన్న సంగతే ముందు బయటపడుతుంది.

మరి ఎక్కడ బాగుంటుంది? వాదన చివర. సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటిగా పరిశీలించాం, ముద్దాయి తరఫున చెప్పగలిగిందంతా విన్నాం, వేరే అర్థం తీయడానికి ఎంతో ప్రయత్నించాం, అయినా సాక్ష్యాలు ఈ నిర్ణయానికే లాక్కొస్తున్నాయి అని చెప్పదలచుకున్న జడ్జి 'ఇనిలక్టబుల్ కన్‌క్లూజన్' అంటాడు. ఆ మాట వెనక వాదప్రతివాదాలు జరిగి ఉండాలి. ఏ ప్రయత్నమూ చేయకుండా మొదటి పేజీలోనే ఈ మాట వాడితే అది దబాయింపు అవుతుంది. చదివే పిల్లలకి నేను ఇచ్చే సలహా ఒకటే: ఈ మాట రాసే ముందు దాని పై పేరాలో పెనుగులాట ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఇనెవిటబుల్ రాసుకోండి, తప్పేమీ కాదు.

మన మాటలు

తెలుగులో 'అనివార్యం' ఉంది. వారించడం అంటే అడ్డుకోవడం, ఆపడం. కాబట్టి అనివార్యం అంటే ఆపలేనిది. పేపర్లలో ఇది బాగా అరిగిపోయింది. పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవం కుదరకపోతే 'పోటీ అనివార్యమైంది' అని రాస్తారు. నిజానికి అక్కడ ఎవరో ఒకరు నామినేషన్ ఉపసంహరించుకుని ఉంటే పోటీ ఉండేది కాదు. 'ఇక తప్పలేదు' అనే మామూలు అర్థంలో వాడేస్తున్నారన్నమాట.

'తప్పనిసరి'తో ఇంకా చిక్కు. హెల్మెట్ తప్పనిసరి, ఆధార్ తప్పనిసరి అన్నప్పుడు అది ఒక నిబంధన. మనుషులు పెట్టింది, మనుషులు తీసేయగలిగింది. దీన్ని ఇంగ్లిష్‌లో మాండేటరీ, కంపల్సరీ అంటారు. ఇనెవిటబుల్ అనకూడదు. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగులో ఒకే మాట రెండు పనులూ చేస్తుంది కాబట్టి ఇంగ్లిష్‌లో కూడా కలిపేస్తారు.

'గత్యంతరం లేక', 'విధిలేక' అన్నవి ఇనిలక్టబుల్‌కి కొంచెం దగ్గరగా వస్తాయి. వేరే దారులన్నీ వెతికి చూశాకే అనే మాటలు అవి. 'విధిలేక అప్పు చేశాను' అన్న రైతు మాటలో, ఆ అప్పు చేయకుండా ఉండటానికి అతను పడిన పాట్లన్నీ ఉంటాయి. 'తలరాత', 'రాసిపెట్టి ఉంది' అన్నవి మాత్రం వేరే దిక్కున ఉంటాయి. వాటిలో పెనుగులాట లేదు. జరిగిన దానికి ఓదార్పుగా అంటే ఆ మాటలు మంచివే, మనిషిని నిలబెడతాయి. జరగబోయేదానికి అంటేనే ప్రమాదం.

తిక్కన చెప్పిన యుద్ధం

మూడు రకాల 'తప్పనితనం' ఒకేచోట చూడాలంటే నెల్లూరు వాళ్లం దూరం వెళ్లక్కరలేదు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన సోమయాజి భారతాన్ని విరాటపర్వం నుంచి తెనిగించాడు. దాని తర్వాత వచ్చే ఉద్యోగపర్వం అంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ యుద్ధం ఆగుతుందా, ఆగదా? యుద్ధం జరుగుతుందని వినేవాళ్లందరికీ ముందే తెలుసు. అయినా ఆసక్తి పోదు. ఎవరెవరు దాన్ని ఎలా ఎదుర్కొన్నారన్నది అక్కడి అసలు విషయం.

ధృతరాష్ట్రుడు తప్పుకోవాలని చూస్తాడు. సంజయుణ్ణి పాండవుల దగ్గరికి పంపుతాడు, మంచి మాటలన్నీ చెప్పిస్తాడు, యుద్ధం మంచిది కాదని ధర్మాలు చెప్పిస్తాడు. రాజ్యంలో భాగం ఇస్తానని మాత్రం చెప్పించడు. కొడుకుని కాదనకుండా, యుద్ధం రాకుండా, మధ్యలో నుంచి జారిపోవాలన్నది ఆయన ఎత్తు. జారిపోవడానికి సందు లేదు. ఆయనకి యుద్ధం ఇనెవిటబుల్.

దుర్యోధనుడు బతిమాలినా కరగనివాడు. కృష్ణుడు చెప్పాడు, భీష్ముడు చెప్పాడు, ద్రోణుడు, విదురుడు చెప్పారు, చివరికి కన్నతల్లి గాంధారిని సభకి పిలిపించి చెప్పించారు. ఐదూళ్లిచ్చినా చాలన్నారు. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు. ఇతను ఇనెక్సరబుల్ అనే మాటకి నిలువెత్తు అర్థం.

కర్ణుడి సంగతి వేరు. రాయబారం చెడిపోయాక కృష్ణుడు అతన్ని రథం ఎక్కించుకుని పుట్టుక రహస్యం చెబుతాడు. నువ్వు పాండవులకి అన్నవి, రాజ్యం నీదే అంటాడు. తలుపు బార్లా తెరిచి పెట్టాడన్నమాట. కర్ణుడు ఆ తలుపు వైపు చూస్తాడు. పెంచిన రాధనీ అధిరథుణ్ణీ తలుచుకుంటాడు, తనని నమ్ముకుని యుద్ధానికి దిగుతున్న దుర్యోధనుణ్ణి తలుచుకుంటాడు. ఈ యుద్ధంలో ఎవరు గెలుస్తారో, తమ వాళ్లంతా ఏమవుతారో అతనికి స్పష్టంగా తెలుసు, ఆ మాట తనే కృష్ణుడితో అంటాడు. ఈ రహస్యం ధర్మరాజుకి చెప్పవద్దని కూడా కోరతాడు. చెబితే ఆయన రాజ్యం తనకే ఇచ్చేస్తాడు, తను దాన్ని తీసుకెళ్లి దుర్యోధనుడి చేతిలో పెట్టేస్తాడు. తర్వాత కుంతి స్వయంగా వచ్చి అడుగుతుంది. ఆమెకి ఐదుగురు కొడుకులు మిగులుతారని మాటిస్తాడు గానీ అవతలి వైపుకి రానంటాడు. అన్ని వైపులా ఆలోచించి, తన మనసుతో తనే కలబడి, చివరికి ఉన్నచోటే నిలబడ్డాడు. ఇనిలక్టబుల్ అనే మాటకి ప్రపంచ సాహిత్యంలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఉద్యోగపర్వంలోనే తిక్కన కృష్ణుడి నోట ఇంకో మాట చెప్పించాడు. తెలుగువాళ్లలో చాలామందికి నోటికి వచ్చిన పద్యమే. ధర్మమూ సత్యమూ పాపం చేతిలో, అబద్ధం చేతిలో చెడిపోతుంటే, ఆపగలిగిన శక్తి ఉండి కూడా ఉపేక్ష చేసినవాళ్లకి అది చేటవుతుందని కౌరవసభలో ఆయన హెచ్చరిస్తాడు. ఆ పద్యంలో 'దక్షులు', అంటే శక్తి ఉన్నవాళ్లు, అనే మాట చూడండి. శక్తి లేనివాళ్లని ఆయన ఏమీ అనలేదు. శక్తి ఉండి, ఎలాగూ జరిగేదేలే అని కూర్చున్నవాళ్లనే అన్నాడు.

'ఎలాగూ జరిగేదే' అనే వాదన

ఈ కూర్చోవడానికి ప్రాచీన గ్రీకులు ఒక పేరు పెట్టారు: సోమరి వాదం. అది ఇలా సాగుతుంది. నీ జబ్బు నయమవుతుందని రాసిపెట్టి ఉంటే, డాక్టర్‌ని పిలిచినా పిలవకపోయినా నయమవుతుంది. నయం కాదని రాసిపెట్టి ఉంటే, పిలిచినా పిలవకపోయినా నయం కాదు. కాబట్టి డాక్టర్‌ని పిలవడం దండగ. రోమన్ రచయిత సిసెరో విధి గురించి రాసిన పుస్తకంలో దీన్ని వివరించి, క్రిసిప్పస్ అనే తత్వవేత్త ఇచ్చిన జవాబు కూడా రాశాడు. క్రిసిప్పస్ విధిని బలంగా నమ్మినవాడే. ఆయన జవాబు ఏమిటంటే, నయం కావడం రాసి ఉంటే డాక్టర్‌ని పిలవడం కూడా దానితోపాటే రాసి ఉంటుంది. రెండింటినీ విడదీసి ఒకదాన్నే విధి అనడం తప్పు.

మన యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది కూడా ఇదే. ఒక్క చక్రంతో రథం కదలనట్టే, పురుష ప్రయత్నం లేకుండా దైవం ఫలించదు అంటుంది. విధిని నమ్మేవాళ్లు సైతం చేతులు కట్టుకుని కూర్చోమని ఎక్కడా చెప్పలేదన్నమాట.

తుపాను ఏది, ప్రాణనష్టం ఏది

1989 నవంబరులో థాయ్‌లాండ్ సింధుశాఖలో ఒక తుపాను పుట్టింది. దానికి 'గే' అని పేరు పెట్టారు. అది సన్నటి ద్వీపకల్పాన్ని దాటి బంగాళాఖాతంలోకి వచ్చి, మళ్లీ బలం పుంజుకుని, నవంబరు 8న కావలి దగ్గర తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లకు మించిన గాలి. ఆ తరం వాళ్లు ఇప్పటికీ కావలి తుపాను అనే చెప్పుకుంటారు.

సముద్రంలో అంత బలపడిన తుపానుని ఆపే శక్తి మనిషికి లేదు. అది ఒడ్డుకి రావడం ఇనెవిటబుల్, ఆ గాలికి ఇళ్ల కప్పులు లేచిపోవడం చాలావరకు ఇనెవిటబులే. కానీ మనుషులు పోవడం? దానికి పన్నెండేళ్ల ముందు, 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. కావలి తుపానులో మన రాష్ట్రంలో పోయినవాళ్లు వందలోపే. ఈ తేడాకి కారణాలు చాలా ఉన్నాయి. ఉప్పెన ఎత్తులో తేడా ఉంది, తీరం స్వభావంలో తేడా ఉంది. దివిసీమ తర్వాత తీరం వెంట కట్టిన తుపాను షెల్టర్లు, ముందస్తు హెచ్చరికలు, ఊళ్లు ఖాళీ చేయించడం కూడా ఆ కారణాల్లో ఉన్నాయి. తుపానుతో కుస్తీ పట్టలేం. దాని దారిలో నుంచి జనాన్ని తప్పించగలం. 'ప్రకృతి వైపరీత్యం, అనివార్యం' అని ఒకే ముద్ర వేసి పంపితే ఈ రెండూ కలిసిపోతాయి.

కనిగిరి నీళ్లు

ఇక నాకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న విషయం. కనిగిరి, పామూరు, మర్రిపూడి, పెదచెర్లోపల్లి వైపు ఊళ్లలో నడుం వంగిపోయి, మెడ తిప్పలేక, ఒళ్లంతా కలిపి తిరిగి చూసే పెద్దవాళ్లు కనిపిస్తారు. పిల్లలు నవ్వితే పళ్ల మీద గోధుమరంగు చారలు. ఎందుకిలా అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: 'మా రాత ఇంతేలే నాయనా.'

అది రాత కాదని తేలి ఎనభై ఏళ్లు దాటింది. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థకి చెందిన షార్ట్, ఆయన తోటి పరిశోధకులు నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుని గమనించి, తాగే నీళ్లలోని ఫ్లోరైడే దీనికి కారణమని ప్రచురించారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి శాస్త్రీయ వివరణ అదే. అప్పటికి కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చాక అటు మారాయి.

జబ్బు ఎలా వస్తుందో చూద్దాం. ఆ నేల అడుగున ఉన్న గ్రానైట్ జాతి రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ, ఎండ ఎక్కువ. భూమిలోకి ఇంకిన నీళ్లు రాతి సందుల్లో చాలాకాలం నిలిచి ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటాయి. నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మన దేశ ప్రమాణం 1 మిల్లీగ్రాము లోపే ఉండాలంటుంది, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటుంది. 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లోకి దిగుతుంది. స్నాయువులు గట్టిపడి వెన్ను బిగుసుకుపోతుంది.

ఇందులో ఏది ఇనిలక్టబుల్? రాతిలో ఫ్లోరైడ్ ఉండటం. దాన్ని ఎవరూ పెకలించలేరు. పూర్తిగా బిగుసుకుపోయిన వెన్ను కూడా. ఆ స్థితికి వచ్చాక మందు లేదు, నొప్పి తగ్గించడమే. ఎనిమిదేళ్ల లోపు, చిగుళ్ల లోపల పన్ను తయారయ్యే వయసులో పడిన మరక కూడా దానంతటది పోదు. ఈ మూడింటికీ ఆ మాట నిజంగానే తగులుతుంది.

జబ్బు మొత్తానికి మాత్రం తగలదు. కీళ్లు నొప్పులు పెట్టే తొలి దశలో నీళ్లు మారిస్తే ముదరకుండా ఆపొచ్చు. చిన్నప్పటి నుంచీ మంచినీళ్లు తాగిన పిల్లకి అసలు రానే రాదు. అదే ఇల్లు, అదే నేల, అవే రాళ్లు, అయినా రాదు. నీళ్ల నుంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతులు కూడా ఉన్నాయి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేరుకోనిస్తారు. ఫ్లోరైడ్‌ని పట్టి ఉంచే యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్లు, ఆర్వో ప్లాంట్లు ఉన్నాయి. వీటన్నిటికంటే మేలైనది నది నీళ్లు తెచ్చివ్వడం. సాగర్ కాలువ నీళ్లు పైపుల్లో ఈ వైపుకి వచ్చిన ఊళ్లు ఉన్నాయి. కృష్ణ నీళ్లని శ్రీశైలం నుంచి కొండల అడుగున 18 కిలోమీటర్లకు పైబడిన సొరంగాల ద్వారా తేవడానికి 1996లో వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. కొండకి సొరంగం తవ్వడం కంటే పెద్ద పెనుగులాట ఇంకేముంటుంది? దాన్ని మొదలుపెట్టిన మనమే అదే నోటితో జబ్బుని 'రాత' అనకూడదు.

1937 నుంచి ఇప్పటిదాకా పుట్టిన ప్రతి తరానికీ కారణం తెలుసు, మార్గం తెలుసు. వచ్చిన ఆలస్యం డబ్బుది, ప్రాధాన్యాలది, ఎవరూ గట్టిగా అడగకపోవడానిది. ఆ ఆలస్యాన్ని ఇనెవిటబుల్ అన్నా ఒప్పుకోను, ఇనిలక్టబుల్ అని ఇంగ్లిష్ వ్యాసంలో రాస్తే అసలే ఒప్పుకోను. ఫ్లోరోసిస్ మీద వ్యాసం రాసే విద్యార్థి ఎవరైనా 'దిస్ డిసీజ్ ఈజ్ ఇనిలక్టబుల్' అని రాస్తే ఎర్ర పెన్నుతో కొట్టేసి 'ప్రివెంటబుల్' అని రాస్తాను. నివారించదగినది అని ఆ మాటకి అర్థం. పరీక్షల జాబితాలో దానికి చోటు ఉండదు, అంత తేలికైన మాట కాబట్టి.

ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, ఈ వైపు చాలా ఇళ్లలో పొరపాటు పడుతున్నారు. నీళ్లు కాచి తాగితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు కొంత ఆవిరైపోయి, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. బోరు నీళ్లే తాగే ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు చేయాల్సింది ఆ నీళ్ల శాంపిల్‌ని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో ఇచ్చి లీటరుకి ఎంత ఉందో తెలుసుకోవడం. అంకె 1.5 దాటితే తాగడానికీ వంటకీ వేరే నీళ్లు చూసుకోవాలి. స్నానానికి, బట్టలకి ఆ బోరు నీళ్లు వాడుకోవచ్చు.